చాటింపు వేశాక ఊళ్ళోకి వచ్చినవాళ్ళు

(తిరుపతిలో ఒక ఆదివారం సాయంత్రం, కొత్తగా గేమ్ మాస్టర్లు, అంటే నలుగురు తలా ఒక పాత్ర పట్టి మాటలతో ఆడే ఆటలో కథ నడిపేవాళ్ళు, అవుదామనుకుంటున్న కొంతమంది ముందు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకాల వినపడుతోందా? ఈ మైకు నా మాట వినేలా లేదు, గట్టిగానే మాట్లాడతాను. ఫ్యాను కింద చోటు దొరికినవాళ్ళు అదృష్టవంతులు. మిగతావాళ్ళు మే నెలలో తిరుపతిలో ఉన్నందుకు అనుభవించాల్సిందే.

నన్ను పిలిచిన తమ్ముళ్ళు "అన్నా, ఏ పీడీఎఫ్‌లు చదవాలి, ఐడియాలు ఎక్కడ దొరుకుతాయి, అవి చెప్పు చాలు" అన్నారు. చెప్తాను. దానికి ముందు నా పరువు నేనే తీసుకునే కథ ఒకటుంది.

ఏడేళ్ళ కిందట నేను మొదటిసారి గేమ్ నడిపాను. గేమ్ మాస్టర్ అంటే ఒక ప్రపంచాన్నే పుట్టించేవాడు అని ఎక్కడో చదివి, రెండు నెలలు కూర్చుని నలభై పేజీలు రాశాను. మంచుకొండలు, నేను జన్మలో చూడని చెట్లు, నోరు తిరగని పేర్లున్న పన్నెండుమంది రాజులు, వాళ్ళ వంశవృక్షాలు. మంచు నాకు ఫ్రిజ్‌లో తప్ప తెలీదు. మా మిద్దె మీద చాప పరిచి నలుగురు ఫ్రెండ్స్‌ని కూర్చోబెట్టి, మొదటి అరగంట నేనే చదివాను. చివరికి "రాజుగారు మిమ్మల్ని పిలిపించారు" అన్నాను. ఒకడు తలెత్తి "ఎందుకు? మాతో ఆయనకేం పని?" అన్నాడు. ఆ నలభై పేజీల్లో దానికి జవాబు లేదు.

అంతలో కరెంటు పోయింది. చీకట్లో ఏం చెప్పాలో తోచక, మా తాత చెప్పే చెరువు గొడవ ఒకటి గుర్తొస్తే పేర్లు మార్చి అదే మొదలుపెట్టాను. పై ఊరివాళ్ళు రాత్రిపూట తూము ఎత్తేస్తున్నారు. కింది ఊరి మళ్ళు ఎండిపోతున్నాయి. తూము దగ్గర ఉండాల్సిన నీరుగంటి మూడు రోజులుగా కనపడటం లేదు. మీరు కింది ఊరివాళ్ళు. ఇంతే చెప్పాను.

రాత్రి ఒంటిగంట దాకా ఎవరూ లేవలేదు. మధ్యలో కరెంటు వచ్చింది, అయినా ఎవరూ లైటు వెయ్యలేదు. తెల్లారి మా అమ్మ కాఫీ ఇస్తూ "ఇంతకీ ఆ నీరుగంటి దొరికినాడా నాయనా?" అని అడిగింది. కింద వాకిట్లో మంచం వేసుకుని అంతా వింటూనే ఉంది. ఆ పన్నెండుమంది రాజుల్లో ఒక్కడి గురించి ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. (నవ్వులు)

అందుకే నేను ఏ పుస్తకం తెరిచినా, ఏ ఊరికి వెళ్ళినా, ఇక్కడ తగాదా ఏంటి అని చూస్తాను. ఎవరికి ఏం కావాలి? ఎవరు అడ్డం పడుతున్నారు? మనం వేలు పెట్టకపోతే వచ్చే వారానికి ఏమవుతుంది? ఈ మూడూ దొరికితే అది గేమ్. దొరక్కపోతే, ఎంత అందంగా ఉన్నా అది క్యాలెండర్ బొమ్మే.

రూల్స్ సంగతి త్వరగా తేల్చేద్దాం, ఎందుకంటే అదే అన్నిటికంటే తేలిక. ఈ రకం ఆటల్లో మొదట అచ్చయి అమ్ముడుపోయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ చేసింది. ఒక పెట్టె, అందులో మూడు చిన్న పుస్తకాలు. ఈరోజు దాని అయిదో ఎడిషన్ మూల నియమాలు 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా ఉన్నాయి. పేరు చెప్పి వాడుకుంటే చాలు, తెలుగులోకి మార్చి పంచిపెట్టుకోవచ్చు కూడా. అది వందల పేజీలు అనిపిస్తే, ఒక్క పేజీలో ముగిసే ఆటలు బోలెడున్నాయి. కొత్తవాళ్ళు వాటితోనే మొదలుపెట్టండి. పుస్తకం కొనడానికి డబ్బుల్లేవని ఆగిపోయినవాణ్ణి నేను క్షమించను. పాత్ర తలపెట్టిన పని జరిగిందో లేదో తేల్చే ఇరవై ముఖాల డైస్ లేదని ఆగిపోయినవాణ్ణి అసలు క్షమించను. మనింట్లో గవ్వలు లేవా?

గవ్వల గురించి ఒక్క నిమిషం. అష్టాచెమ్మా ఆడారు కదా? నాలుగు గవ్వలు వేస్తే, వెల్లకిల పడినవి లెక్కపెడతాం. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. ఒక్కో గవ్వ అటో ఇటో సమానంగా పడుతుందనుకుంటే, మొత్తం పదహారు రకాలుగా పడొచ్చు. అందులో రెండు వచ్చేవి ఆరు, ఒకటి వచ్చేవి నాలుగు, మూడు వచ్చేవి నాలుగు. చెమ్మా ఒక్కటే, అష్టా ఒక్కటే. అంటే మామూలు ఫలితాలు తరచుగా, అద్భుతమో అనర్థమో ఎప్పుడో ఒకసారి. గేమ్ డిజైనర్లు రెండు మూడు డైస్ కలిపి వేయించి సాధించేది ఇదే. ఇరవై ముఖాల డైస్‌లో ఇరవై పడే అవకాశం, పది పడే అవకాశం రెండూ ఒకటే. గవ్వల్లో అలా కాదు. నా టేబుల్ మీద అష్టా పడితే పని జరుగుతుంది, కానీ మీరు అడగనిది ఇంకొకటి కూడా జరుగుతుంది. ఆ గవ్వలు బోర్లా పడ్డప్పుడు మిద్దె మీద వచ్చే కేకలు మీరు వినాలి. నిజం గవ్వలు వాటి ఆకారాన్ని బట్టి ఒక పక్కకే ఎక్కువ పడతాయి, కాబట్టి మీ గవ్వల్ని ఓ వందసార్లు వేసి చూసుకోండి. వాటి స్వభావం మీకు తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సరుకు దొరికే చోట్లు.

కాలిన్ మెకంజీ అని స్కాట్లండ్ వాడు, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరు. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో పోయాడు. ఆయన దగ్గర కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అని మన తెలుగు అన్నదమ్ములు పనిచేశారు. ఆయన మనుషులు ఊరూరా తిరిగి కరణాలనీ పెద్దల్నీ అడిగి ఆ ఊరి సంగతులు రాయించారు. వాటినే కైఫీయత్తులు అంటాం. మన పక్కనున్న కడప జిల్లావి సంపుటాలుగా అచ్చయ్యాయి. గేమ్ మాస్టర్‌కి అంతకంటే పెద్ద నిధి లేదు. ఎందుకంటే అందులో వర్ణనలు ఉండవు. ఈ చెరువు ఎవరు తవ్వించారు, ఈ మాన్యం ఎవరు లాక్కున్నారు, పాలెగాడు ఏ ఊరి మీద పడ్డాడు, జనం లేచిపోయి ఎక్కడ కాపురం పెట్టారు, అన్నీ తగాదాలే. భాష మొదట్లో ఇబ్బంది పెడుతుంది, పది పేజీలు ఓపిక పట్టండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్లు కూడా కుప్పలుగా ఉన్నాయి. రాత్రి పడుకునే ముందు రీల్స్ చూసే టైములో సగం చాలు.

ఇంకొకటి, మన కొండమీదే ఉంది. తిరుమల శాసనాలు. వెయ్యికి పైగా ఉన్నాయి, ఎక్కువ తమిళంలో, కొన్ని తెలుగు, కన్నడ, సంస్కృతాల్లో. 1930లలో దేవస్థానం సంపుటాలుగా అచ్చు వేయించింది. నేను వాటిని భక్తితో కాదు, లెక్కల కోసం చదివాను. దాత డబ్బు ఇస్తాడు. ఆ డబ్బుతో గుడికి చెందిన ఊళ్ళలో చెరువో కాలవో తవ్విస్తారు. కాలవ వల్ల పెరిగిన పంటలోంచి ఆ దాత పేరు మీద నైవేద్యం జరుగుతుంది. నైవేద్యమైన ప్రసాదంలో నాలుగో వంతు దాతకి. ఎంత బియ్యం, ఎంత నెయ్యి, ఎన్ని పెసలు, రాతి మీద చెక్కి ఉంటుంది.

ఇందులో గేమ్ ఎక్కడుంది? కాలవ పూడిపోయిందనుకోండి. పంట లేదు. కానీ నైవేద్యం ఆగకూడదు, రాతి మీద రాసుంది. దాత మనవలు ముగ్గురు ఆ నాలుగో వంతు కోసం వచ్చి నిలబడ్డారు. కాలవ పైన ఎవరో కొత్తగా మామిడితోపు వేశారు. చూశారా, కత్తి అవసరం లేకుండా నాలుగు సెషన్లు, అంటే నాలుగు పూటల ఆట, నడుస్తుంది. నేను దీన్ని పేరు లేని ఊళ్ళో, పేరు లేని గుడికి పెట్టి నడిపాను. దేవుళ్ళని పాత్రలుగా ఆడించను, అది నా నియమం. ఈ ఊళ్ళో ఏ టేబుల్ దగ్గర కూర్చున్నా, ఎవరో ఒకరి నాయనమ్మ మోకాళ్ళ మీద కొండెక్కి ఉంటుంది. ఆట కోసం ఆమెను నొప్పించడం ఎందుకు?

అన్నమయ్య రాగిరేకుల సంగతి తెలుసు కదా? ముప్పై రెండు వేల సంకీర్తనలు అంటారు. రాగిరేకుల మీద చెక్కించి గుళ్ళోనే ఒక చిన్న రాతిగదిలో భద్రం చేశారు. తర్వాత కొన్ని వందల ఏళ్ళు వాటిని పట్టించుకున్నవాళ్ళు లేరు. ఇరవయ్యో శతాబ్దంలో మళ్ళీ బయటికి వచ్చాయి. ఇప్పుడు దొరుకుతున్న పాటలు ఆ లెక్కలో సగం కూడా లేవు. ప్రపంచంలో ఏ గేమ్ పుస్తకం తెరిచినా నేలమాళిగలో బంగారు నాణేలే. మనకు మాత్రం గదినిండా పాటలు! పాటలు చెక్కిన రాగిని కరిగించి బిందెలు చేసుకోవాలనుకునేవాడొకడు, ఒక్క పాట కోసం వచ్చినవాడొకడు, ఇద్దరూ ఒకే రాత్రి ఆ గది తలుపు దగ్గర కలిశారనుకోండి. ఇది నేను ఇంకా ఆడించలేదు. మీలో ఎవరైనా ముందు ఆడిస్తే నన్ను పిలవండి.

చోట్ల గురించి ఒక హెచ్చరిక. చంద్రగిరి కోటకు వెళ్ళి మ్యాపు గీసుకొస్తాం అని బయలుదేరతారు. వెళ్ళండి, బాగుంటుంది, రాజమహల్లో మ్యూజియం ఉంది. నేను కూడా ఒక పూటంతా గీశాను. ఆ మ్యాపు ఒక్కసారి కూడా పనికి రాలేదు. పనికొచ్చింది అక్కడ చదివిన ఒక్క ముక్క: రాజమహల్‌ని రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కలప వాడలేదు. మా ప్లేయర్లు ఒక సెషన్ మొత్తం కష్టపడి నూనె పీపాలు మహల్లోకి దొంగతనంగా చేర్చి, అర్ధరాత్రి నిప్పు పెట్టారు. నేను గవ్వలు కూడా వేయించలేదు. "నూనె కాలింది. గోడలు నల్లబడ్డాయి. కాపలావాళ్ళు లేచారు" అన్నాను. ఒక్కొక్కరి ముఖం చూడాలి. (నవ్వులు) మీకు కావాల్సింది అలాంటి ముక్క, మీద పడి ప్లేయర్ల పథకాన్ని మార్చేసేది. ఆ కోటదే ఇంకో ముక్క: 1639లో మద్రాసు నేల ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయేనాటికి ఆ ప్రాంతం చంద్రగిరి రాయలదే. సముద్రం ఒడ్డున కొంత ఇసుక నేల అడుగుతున్నారు, ఇస్తే ఏం పోతుంది అని సభలో ఒకరు అంటారు. మీ ప్లేయర్లు ఆ సభలో ఉన్నారు. తర్వాత ఏమైందో వాళ్ళకి తెలుసు, వాళ్ళ పాత్రలకి తెలీదు.

ఇప్పుడు గంగజాతర. నన్నడిగితే మన ఊరికి ఇంతకంటే మంచి గేమ్ పుస్తకం లేదు, అదీ ఏటా వీధిలోకే వస్తుంది.

కథ మీకందరికీ తెలిసిందే. ఆడవాళ్ళని చెరబట్టే పాలెగాడు. వాడి అంతు చూడటానికి గంగమ్మ వస్తే పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి వెతుకుతూ అమ్మ రోజుకొక వేషం వేసింది. బైరాగి, బండ, తోటి, దొర. దొర వేషం రోజున, నిజంగానే పెద్ద దొర వచ్చాడనుకుని పాలెగాడు బయటికి వచ్చాడు, చచ్చాడు. అమ్మవారిని నేను ఆటలో పెట్టను, ఇందాకే చెప్పాను. కానీ ఆ కథ కట్టిన తీరు చూడండి. దాక్కున్నవాడు ఒకడు. వెతికేవాళ్ళ చేతిలో కత్తుల కంటే వేషాలు ముఖ్యం. ఒక్కో వేషం ఒక్కో తలుపు తెరుస్తుంది. బైరాగిని సత్రంలోకి రానిస్తారు. ఊరి పనులు చేసే తోటి పక్కనుంచి పోయినా ఎవరూ తలెత్తి చూడరు, వాడి ముందే అన్నీ మాట్లాడుకుంటారు. దొర వస్తే దాక్కున్నవాడే ఎదురొస్తాడు. నా క్యాంపెయిన్లో, అంటే చాలా సెషన్లు సాగే ఒకే కథలో, ఆయుధాల పట్టిక తీసేసి వేషాల పట్టిక పెట్టాను. రోజుకొకటే వేషం, వేసినది మళ్ళీ వెయ్యకూడదు. ఏది ముందు ఖర్చు చెయ్యాలి అని ప్లేయర్లు గంటసేపు కొట్టుకున్నారు.

ఇంకో సంగతి. జాతరలో కొన్ని వేషాల్లో ఉన్నవాళ్ళు బూతులు తిట్టినా ఎవరూ తప్పు పట్టరు కదా, దాన్నీ రూల్ చేశాను. మా గుంపులో ఒక అబ్బాయి ఉండేవాడు. మూడు సెషన్లుగా నోరు తెరవలేదు, తల ఊపడమే. ఆ వేషం వాడికి పడింది. పది నిమిషాలు ఆపకుండా ఊరి పెద్దల్ని, పాలెగాణ్ణి, తోటి ప్లేయర్లని, చివరికి నన్ను కూడా తిట్టాడు. అన్నీ నిజాలే. ఆ రోజు నుంచి వాణ్ణి ఆపడం మా వల్ల కావటం లేదు.

పాలెగాడు చచ్చాక కూడా జాతర ఆగదు, గమనించారా? మర్నాడు మాతంగి వేషం. ఆ వేషంలో అమ్మ వెళ్ళి పాలెగాడి భార్యని ఓదార్చిందని చెప్తారు. విలన్ చచ్చాడు, బంగారం పంచుకోండి, సెషన్ అయిపోయింది అనే అలవాటు మనది. మా ఆటలో మాత్రం పాలెగాడు చచ్చాక మా వాళ్ళు వాడింటికి వెళ్ళారు. వాడి భార్య తలుపు తీసింది. ఏం మాట్లాడాలో ఎవరికీ తెలీలేదు. మేం ఆడినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయిన సెషన్ అదే, అందులో ఒక్క గవ్వ కూడా పడలేదు.

భారతం మిట్టల గురించి కూడా చెప్పాలి. చిత్తూరు వైపువాళ్ళు ఎవరున్నారు? చేతులెత్తండి. మీకు చెప్పక్కర్లేదు. ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర పద్ధెనిమిది రోజుల భారతం జరుగుతుంది, పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి తపస్సు రోజున వేషగాడు నిట్టనిలువు మాను ఎక్కుతాడు. పైనుంచి నిమ్మకాయలు విసిరితే కింద పిల్లలు లేని ఆడవాళ్ళు కొంగు పట్టి ఉంటారు. దుర్యోధనుడి వధ రోజు మట్టితో చేసిన పెద్ద బొమ్మ నేలమీద పడుకుని ఉంటుంది. అక్కడ చూసేవాళ్ళెవరు, ఆడేవాళ్ళెవరు? కథ అందరికీ తెలుసు, ఒక్క మలుపు కూడా కొత్త కాదు. అయినా తెల్లారేదాకా కూర్చుంటారు. కథలో ట్విస్టు లేదని టెన్షన్ పడే గేమ్ మాస్టర్లు ఒక్కరాత్రి అక్కడ కూర్చుని రండి. బుర్రకథ నుంచి నేను నేరుగా ఎత్తేసినది ఇంకోటుంది, వంత. పక్కనున్నవాడు మధ్యలో ఆపి, జనం మనసులో ఉన్న ప్రశ్న అడుగుతాడు కదా. నా టేబుల్ దగ్గర సెషన్‌కి ఒక ప్లేయర్ వంత. నా కథలో అర్థం కానిది ఉంటే ఆపి అడిగే హక్కు, వెటకారం చేసే హక్కు వాడిది. నా తప్పులు సగం అక్కడే దొరికిపోతాయి.

చిన్నచిన్నవి గబగబా. గాయాలు మాన్పే మందు సీసాలు పారేయండి. మనకు పుత్తూరు కట్టు ఉంది. ఎముక విరిగితే కట్టు కట్టించుకుని ఇన్ని వారాలు కదలకూడదు అని రూల్ పెట్టండి. ఆ వారాల్లో శత్రువు ఊరికే కూర్చోడు, మీ ప్లేయర్లు దెబ్బలాటకు దిగేముందు రెండుసార్లు ఆలోచిస్తారు. రాక్షసులు కావాలంటే శేషాచలం అడవిలో రాత్రిపూట బండల మీద తిరిగే బంగారు బల్లి ఉంది, పెద్ద కళ్ళతో చూసే దేవాంగపిల్లి ఉంది. వాటిని పెద్దవి చెయ్యకండి, ఉన్నంత సైజులోనే చీకట్లో చూపించండి.

పాత్రలు కావాలంటే మన బస్టాండు. రెండు రంగుల డైస్ తీసుకోండి, ఒకటి పదుల స్థానం, ఇంకోటి ఒకట్ల స్థానం. పదకొండు నుంచి అరవై ఆరు దాకా, ముప్పై ఆరు గళ్ళు వస్తాయి. ఒక గంట బెంచీ మీద కూర్చుని ముప్పై ఆరుగురిని రాయండి. పేరు వద్దు, రూపం వద్దు. చేతిలో ఏముంది, ఎందుకు తొందర, అంతే. కొత్తగా గుండు చేయించుకుని గంధం పూసుకున్న కుటుంబం, అందులో ఒక్కడికి మాత్రం జుట్టు ఉంది. లడ్డూల సంచి ఒళ్ళో పెట్టుకుని తమిళంలో తిరుత్తణి బస్సు అడుగుతున్న ముసలమ్మ. ఖాళీ చేతులతో దిగినవాడు, భుజం మీద మాత్రం దుంగ మోసిన రాపిడి. చెప్పులు తల కింద పెట్టుకుని నిద్రపోతున్నట్టు నటిస్తున్నవాడు. ఇలాంటి పట్టికలు ఇంటర్నెట్‌లో వేలు దొరుకుతాయి, నేనూ వాడతాను. కానీ అవి ఎవరి బస్టాండో.

ప్రశ్నలా? అడగమ్మా.

(ప్రేక్షకుల్లోంచి ఒక అమ్మాయి: మా గుంపులో ఇంగ్లీషులో ఆడితేనే బాగుంటుంది, తెలుగులో నవ్వొస్తోంది అంటారన్నా.)

రానివ్వమ్మా, మొదటి గంట అందరికీ వస్తుంది. రూల్స్ ఇంగ్లీషులోనే చెప్పుకోనీ. నువ్వు ఆడించే పాత్రలు మాత్రం తెలుగులో మాట్లాడాలి. ముసలమ్మ తెలుగులో అడిగితే ఎవడూ ఇంగ్లీషులో జవాబు చెప్పడు, చూస్తూ ఉండు. ఇంకా చెప్పాలంటే మనది మూడు రాష్ట్రాలు కలిసే మూల. కుప్పం సంతలో ఒకే బేరం మూడు భాషల్లో నడుస్తుంది. ఎవరికి ఏ భాష వచ్చో, పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్‌లో రాయించు. తమిళం రాని హీరో పక్కనే వాణ్ణి ఎలా చంపాలో ఇద్దరు తమిళంలో మాట్లాడుకుంటుంటే, ఆ సీను నువ్వు రాయక్కర్లేదు, అదే నడుస్తుంది.

(వెనక నుంచి ఒకరు: మనం అనుకున్న దారిలో ప్లేయర్లు రాకపోతే ఏం చెయ్యాలి సార్?)

రారు. దారి వెయ్యకండి. పాలెగాడు ఈరోజు ఏం చేస్తాడు, రేపు ఏం చేస్తాడు, అది రాసుకోండి. ప్లేయర్లు రోజంతా టిఫిన్ తింటూ కూర్చున్నా వాడి పని వాడు చేస్తూనే ఉంటాడు.

మాటలతో చెప్తే ఎంతసేపైనా ఇంతే. గవ్వలు తెచ్చాను. ముందు వరసలో మీరు నలుగురూ ఇలా కుర్చీలు లాక్కోండి. పేర్లు తర్వాత పెట్టుకుందాం. మీరు పొరుగూరివాళ్ళు, అప్పు వసూలుకి వచ్చారు. నిన్న రాత్రి ఈ ఊళ్ళో జాతర చాటింపు వేశారు. చాటింపు వేశాక జాతర ముగిసేదాకా ఎవరూ పొలిమేర దాటకూడదు. ఆ సంగతి మీకు ఇప్పుడే, ఈ టీ కొట్టు దగ్గర తెలిసింది. మీకు అప్పు ఉన్నవాడి ఇంటికి తాళం వేసి ఉంది. టీ కొట్టాయన మీ ముఖాలకేసి అదోలా చూస్తున్నాడు. ఏం చేస్తారు?